బటన్ నొక్కినా లేవని కంప్యూటరు: లోపం ఎక్కడుందో పట్టుకునే దారి

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇంకా వారం రోజులు ఉందనగా, విజయనగరంలో గంటస్తంభం దగ్గరి ఒక డీటీపీ దుకాణం నుంచి నాకు ఫోను వచ్చింది. ముందురోజు రాత్రి పొద్దుపోయేదాకా బ్యానర్ల పని చేసిన డెస్క్‌టాప్ తెల్లారి బటన్ నొక్కితే ఉలకలేదు, పలకలేదు. ఫ్యాను కదలలేదు, ముందుభాగంలో చిన్న లైటు కూడా వెలగలేదు. పక్కవీధిలోని ఒక రిపేరు దుకాణానికి పట్టుకెళ్తే, అక్కడ కేబినెట్ మూతైనా తీయకుండా మదర్‌బోర్డు (లోపలి భాగాలన్నీ తగిలి ఉండే ప్రధాన బోర్డు) పోయిందని, కొత్తది వేయాలని తేల్చేశారట. "మాస్టారూ, పండగ ఆర్డర్లన్నీ అందులోనే ఉన్నాయండి. బోర్డు మార్చమంటే మార్చేస్తాను గానీ, ఫైళ్లు పోవు కదా?" అని అడిగారు దుకాణదారు.

ఆయన అడిగిన ప్రశ్నకు సమాధానం ముందు చెప్పి, ఆ తర్వాత అసలు విషయంలోకి వెళ్తాను. కంప్యూటరు లేవకపోవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. ఫైళ్లు ఉండేది హార్డ్‌డిస్కులో గానీ, ఎస్‌ఎస్‌డీలో గానీ. పవర్ సప్లై చెడినా, మదర్‌బోర్డు చెడినా, పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక జ్ఞాపకమైన ర్యామ్ చెడినా వాటిలోని ఫైళ్లు సాధారణంగా చెక్కుచెదరవు; ఆ డిస్కును తీసి మరో కంప్యూటరుకు తగిలిస్తే, డిస్కుకు పాస్‌వర్డు తాళం (ఎన్‌క్రిప్షన్) వేసి ఉంటే తప్ప, చాలావరకు అన్నీ కనిపిస్తాయి. పిడుగుపాటు, తీవ్రమైన హైవోల్టేజీ వంటి సందర్భాల్లో డిస్కు కూడా దెబ్బతినవచ్చు గాని, అది అరుదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే కంగారు సగం తగ్గుతుంది. కంగారు తగ్గితే తప్పుడు నిర్ణయానికి డబ్బు పెట్టడమూ తగ్గుతుంది.

మన జిల్లాల్లో కంప్యూటరు పెట్టె మొత్తాన్ని "సీపీయూ" అనడం అలవాటు. అది లేవకపోతే "కరెంటు ఎత్తుకోవట్లేదు" అంటాం. మాటగా ఇందులో తప్పేమీ లేదు, కాని ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులు ఉంటాయి. బటన్ నొక్కినా ఫ్యాను, లైటు, శబ్దం ఏదీ లేకపోవడం మొదటిది. నొక్కగానే ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోవడం, లేదా వెలుగుతూ ఆరిపోతూ ఉండటం రెండోది. ఫ్యాన్లు చక్కగా తిరుగుతున్నా తెరమీద బొమ్మ రాకపోవడం మూడోది. మూడోదానిలో కరెంటు అందుతూనే ఉంటుంది. అక్కడ అనుమానించవలసింది ఎక్కువగా ర్యామ్‌ను, మానిటరు కేబులును, తెరమీది బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డును. మొదటి రెండింటిలోనే విద్యుత్తు నడిచే దారిలో ఎక్కడో లోపం ఉంటుంది. అందుకే మెకానిక్కుతో మాట్లాడేటప్పుడు "పనిచేయట్లేదు" అని ఊరుకోకుండా ఈ మూడింటిలో ఏది జరుగుతోందో చెప్పగలిగితే, ఆయన పని సగం అక్కడే అయిపోతుంది.

బటన్ అసలు ఏం చేస్తుంది?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ముందున్న పవర్ బటన్ మన ఇంట్లో లైటు స్విచ్చు లాంటిదని, నొక్కగానే 230 వోల్టుల కరెంటు లోపలికి పారుతుందని అనుకుంటారు. పాతకాలపు ఏటీ రకం కంప్యూటర్లలో నిజంగా అలాగే ఉండేది. స్విచ్చు కరెంటును నేరుగా కలిపేది, తెంపేది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే అమరికను తెచ్చిన తర్వాత ఆ పద్ధతి మారింది. ఇప్పటి బటన్ స్విచ్చు కాదు, ఒక విన్నపం. నొక్కిన క్షణం రెండు సన్నని తీగలు ఒకదానికొకటి తాకుతాయి, అంతే. ఆ విన్నపాన్ని అందుకుని మిగతా పనంతా నడిపేది మదర్‌బోర్డు.

ఆ బోర్డుకు విన్నపం వినాలంటే ముందు అది కాస్తయినా మెలకువగా ఉండాలి కదా. అందుకే మనం ఎస్‌ఎంపీఎస్ అని పిలిచే పవర్ సప్లై పెట్టెలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి చిన్నది, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, కంప్యూటరు ఆపేసి ఉన్నప్పుడు కూడా, ఊదారంగు తీగ గుండా 5 వోల్టులు మదర్‌బోర్డుకు పంపుతూనే ఉంటుంది. దీన్ని స్టాండ్‌బై వోల్టేజీ అంటారు. రెండోది పెద్దది, 12, 5, 3.3 వోల్టులను ఇచ్చి కంప్యూటరును నిజంగా నడిపేది అదే. బటన్ నొక్కనంతవరకు ఈ పెద్ద భాగం నిద్రలో ఉంటుంది.

బటన్ నొక్కినప్పుడు, స్టాండ్‌బై వోల్టేజీతో మెలకువగా ఉన్న మదర్‌బోర్డు సర్క్యూటు ఆ విన్నపాన్ని గుర్తించి, ఆకుపచ్చ తీగలోని వోల్టేజీని దాదాపు సున్నాకు లాగుతుంది. ఎస్‌ఎంపీఎస్‌కు అదే సంకేతం. అప్పుడు పెద్ద భాగం లేచి పసుపు తీగల్లో 12, ఎర్ర తీగల్లో 5, నారింజ తీగల్లో 3.3 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. ఆ వోల్టేజీలన్నీ నిలకడకు వచ్చాక, సెకనులో పదోవంతు నుంచి అరసెకను లోపు, బూడిదరంగు తీగమీద "అంతా సవ్యంగా ఉంది" అనే సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందేవరకు మదర్‌బోర్డు ప్రాసెసరును పని మొదలుపెట్టనివ్వదు. మనకు కంటిరెప్పపాటుగా కనిపించే ఆ అరసెకనులో ఊదా, ఆకుపచ్చ, పసుపు, బూడిద అనే వరుసలో ఇంత సంభాషణ జరుగుతుంది. కంప్యూటరు లేవలేదంటే ఈ వరుసలో ఏదో ఒక మాట ఆగిపోయిందన్నమాట. ఆ మాట ఏదో వెతకడమే మన పని. మొదటి మాట దగ్గర మొదలుపెట్టకుండా చివరిదాని మీద తీర్పు చెప్పడం వల్లనే బాగున్న మదర్‌బోర్డులు చెత్తబుట్టలోకి పోతున్నాయి.

(కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో తీగలన్నీ నల్లగానే ఉండవచ్చు, కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో ఈ తీగలన్నీ మదర్‌బోర్డుకు తగిలే 24 పిన్నుల కనెక్టరే ఉండదు, తక్కువ పిన్నులతో వాటి సొంత అమరిక ఉంటుంది. అలాంటి వాటికి రంగులను బట్టి కాక, ఆ మోడల్ మాన్యువల్‌లోని బొమ్మను బట్టే వెళ్లాలి.)

గోడ నుంచి మొదలు

మూత తీయకముందే చూడవలసినవి ఉన్నాయి. సాకెట్‌లో కరెంటు ఉందా? స్పైక్ బస్టర్ (పలు సాకెట్ల పట్టీ) పనిచేస్తోందా? కేబినెట్ వెనుక ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న స్విచ్చు ఉంటే అది వేసి ఉందా? ఇల్లు తుడిచినప్పుడు ఆ స్విచ్చు మీద చెయ్యి పడి ఆరిపోయిన సందర్భాలు నేను లెక్కపెట్టలేనన్ని చూశాను.

సాకెట్‌ను టెస్టరుతో చూసి, వెలిగింది కాబట్టి కరెంటు ఉందని నిర్ణయించేయడం మనందరి అలవాటు. టెస్టరు ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగ, ఉందో లేదో మాత్రమే చెబుతుంది. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ వదులైపోయినా, తెగిపోయినా టెస్టరు వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటరు మాత్రం లేవదు. అందుచేత అదే సాకెట్‌లో, అదే స్పైక్ బస్టర్‌లో ఒక టేబుల్ ల్యాంపు గానీ, ఫోను ఛార్జరు గానీ పెట్టి చూడటమే నమ్మదగిన పరీక్ష. ఆ తర్వాత స్పైక్ బస్టర్‌ను, యూపీఎస్‌ను పక్కనపెట్టి కంప్యూటరు కేబులును నేరుగా గోడ సాకెట్‌కు పెట్టాలి. మానిటరుకు వాడే పవర్ కేబులు చాలావరకు అదే రకం కాబట్టి, దాన్ని తీసి కంప్యూటరుకు పెట్టి చూస్తే కేబులు సంగతి కూడా తేలిపోతుంది.

యూపీఎస్ గురించి ఒక మాట. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లలో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉంటుంది. మన వేడికి, తరచూ కరెంటు పోయి వచ్చే పరిస్థితికి అది రెండు మూడేళ్లకు నీరసించిపోతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయిన కొన్ని యూపీఎస్‌లు గోడలో కరెంటు ఉన్నా సరే, అవుట్‌పుట్ ఇవ్వవు. అప్పుడు చెడింది కంప్యూటరు కాదు, యూపీఎస్ బ్యాటరీ మాత్రమే.

ఇంత చేసినా లేవకపోతే, కేబులు పూర్తిగా పీకేసి, పవర్ బటన్‌ను ముప్పై సెకన్లపాటు నొక్కిపట్టి, కొద్ది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టాలి. ఇది మంత్రంలా పనిచేస్తుందని కొందరు అంటారు గాని, దీని వెనుక స్పష్టమైన కారణం ఉంది. షార్టు సర్క్యూటు, అధిక వోల్టేజీ వంటివి ఎదురైనప్పుడు ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి మూసుకుపోయి, అదే స్థితిలో పట్టుబడి ఉండిపోతుంది. కరెంటు పూర్తిగా తీసేసి, లోపల మిగిలిన ఛార్జి ఖాళీ అయితేగాని ఆ పట్టు సడలదు. కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చిన తర్వాత లేవని కంప్యూటర్లలో కొన్ని ఈ చిన్న పనితోనే లేస్తాయి.

తుఫాను తర్వాత

మన తీరానికి ఈ సమస్యతో ప్రత్యేకమైన అనుబంధం ఉంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తాకిన గులాబ్ తుఫానుల తర్వాత స్తంభాలు కూలి, తీగలు తెగి ఊళ్లు చీకట్లో ఉన్న రోజులు ఇక్కడి వారెవరూ మరచిపోలేదు. కంప్యూటర్లు దెబ్బతినేది గాలివాన సమయంలో కంటే, ఆ తర్వాత కరెంటు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువ. లైన్లు బాగుచేస్తున్నప్పుడు సరఫరా పోతూ వస్తూ ఉంటుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే పరిస్థితి మరింత ప్రమాదం. మూడు ఫేజుల లైనులో ఒక్కో ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులు ఉంటే, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ లేనప్పుడు ఇళ్లమధ్య లోడును బట్టి వోల్టేజీ పంచుకోబడి, తక్కువ లోడు ఉన్న ఇంట్లో అది 230ని దాటి పైకి ఎగబాకుతుంది. బల్బులు ఉన్నట్టుండి కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలగడం దానికి గుర్తు. అలా కనబడిన వెంటనే కంప్యూటరు, టీవీ ప్లగ్గులు పీకేయాలి. స్విచ్చు ఆపితే చాలదు.

ఈ దెబ్బకు ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు వచ్చే మొదట్లోనే ఉన్న వేరిస్టరు (అధిక వోల్టేజీని అడ్డుకునే భాగం), ఫ్యూజు ముందుగా బలవుతాయి. మిగతా కంప్యూటరును కాపాడటానికే వాటిని అక్కడ పెట్టారు. అందుకే తుఫాను తర్వాత పూర్తిగా మూగబోయిన కంప్యూటర్లలో ఎస్‌ఎంపీఎస్ మార్చగానే లేచినవి నా చేతిమీదుగా చాలా వెళ్లాయి. పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనుక 115, 230 అని రాసిన ఎర్రటి చిన్న స్విచ్చు ఉంటుంది. పిల్లలు ఆడుకుంటూ దాన్ని 115 వైపు జరిపి ఆన్ చేస్తే కూడా అదే గతి.

నీళ్లు తగిలిన కంప్యూటరును మాత్రం "లేస్తుందేమో చూద్దాం" అని ప్లగ్గు పెట్టకూడదు. మూత తీసి, నీడలో గాలి తగిలేలా కొన్ని రోజులు ఉంచి, బురద మరకలు శుభ్రం చేసి, ఆ తర్వాతే ముట్టుకోవాలి. తడిసిన బోర్డును చంపేది నీళ్లకంటే, తడిగా ఉండగా ఇచ్చిన కరెంటు.

మూత తీశాక

ఇక్కడి నుంచి కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు అవసరం. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల మొనను మదర్‌బోర్డుకు తగిలిన ఆ పెద్ద కనెక్టరులోని ఏదైనా నల్ల తీగకు (అది సున్నా వోల్టుల తీగ), ఎర్ర మొనను ఊదారంగు తీగకు తాకించాలి. కంప్యూటరు ఆపి, ప్లగ్గు మాత్రం పెట్టి ఉండగానే అక్కడ 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య కనబడాలి. మదర్‌బోర్డు మీద చిన్న లైటు వెలుగుతూ ఉన్నా, వెనుక నెట్‌వర్కు కేబులు పెట్టేచోట లైటు మినుకుమన్నా స్టాండ్‌బై ఉన్నట్టే గాని, ఎంత ఉందో చెప్పగలిగేది మీటరే.

ఆ 5 వోల్టులు లేకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయిందని వెంటనే చెప్పకూడదు. ప్లగ్గు పీకి, మదర్‌బోర్డు నుంచి ఆ కనెక్టరును, ప్రాసెసరుకు వెళ్లే చిన్న కనెక్టరును, డ్రైవులకు వెళ్లేవాటిని అన్నీ తీసేసి, మళ్లీ ప్లగ్గు పెట్టి కొలవాలి. ఇప్పుడూ లేకపోతే దోషం ఎస్‌ఎంపీఎస్‌దే. విడిగా ఉన్నప్పుడు 5 వోల్టులు వచ్చి, బోర్డుకు తగిలించగానే పడిపోతుంటే, బోర్డులో గానీ, దానికి తగిలించిన వస్తువుల్లో గానీ ఎక్కడో షార్టు ఉంది. ఒకే కొలతను రెండుసార్లు, రెండు స్థితుల్లో తీసుకోవడం వల్ల ఇంత పెద్ద ప్రశ్న తేలిపోతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే.

గంటస్తంభం దగ్గరి దుకాణంలో ఆ రోజు ఊదా తీగ మీద 5.04 వోల్టులు కనబడ్డాయి. అంటే కరెంటు గోడనుంచి బోర్డు దాకా వస్తోంది, బోర్డు మెలకువగానే ఉంది. తర్వాత మీటరు ఎర్ర మొనను ఆకుపచ్చ తీగకు మార్చాను. బటన్ నొక్కనప్పుడు అక్కడ 4 వోల్టులకు పైగా ఉంది, అది సరైనదే. నొక్కినప్పుడు అది దాదాపు సున్నాకు పడాలి. దుకాణదారు బటన్ నొక్కారు, వదిలారు, మళ్లీ నొక్కారు. మీటరులో అంకె అలాగే నిలిచి ఉంది. విన్నపం బోర్డుకు చేరడం లేదా, చేరినా బోర్డు స్పందించడం లేదా అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

దానికి జవాబు మదర్‌బోర్డు మూలన ఉంటుంది. కేబినెట్ ముందుభాగం నుంచి వచ్చే సన్నని తీగలు అక్కడ వరుసగా ఉన్న చిన్న పిన్నులకు తగిలి ఉంటాయి. పవర్ స్విచ్చు, రీసెట్ స్విచ్చు, లైట్లు వేర్వేరు జతలు. పవర్ స్విచ్చు తీగ కొనను పైకి లాగి తీసి, ఖాళీ అయిన ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం తాకించాను. ప్రాసెసరు ఫ్యాను గిర్రున తిరిగింది; కాసేపట్లో తెరమీద విండోస్ వచ్చింది. మదర్‌బోర్డుకు ఏ జబ్బూ లేదు. కేబినెట్ బటన్ వెనుక ఉండే, గోరంత ప్లాస్టిక్ స్విచ్చు లోపల తుప్పుపట్టి తాకడం మానేసింది. (ఈ పిన్నులమీద ఉండేది అతి తక్కువ వోల్టేజీ కాబట్టి మనిషికి ప్రమాదం లేదు గాని, పక్క పిన్నులకు మొన తగలకుండా, మాన్యువల్‌లోని బొమ్మ చూసుకుని మాత్రమే చేయాలి.)

ఒకవేళ ఆకుపచ్చ తీగ వోల్టేజీ సున్నాకు పడి కూడా ఫ్యాన్లు కదలకపోతే, బోర్డు తన మాట తాను చెప్పింది, ఎస్‌ఎంపీఎస్ వినలేదన్నమాట. బోర్డు నుంచి విడిగా తీసిన ఎస్‌ఎంపీఎస్‌ను, ఆకుపచ్చ తీగ రంధ్రాన్ని నల్ల తీగ రంధ్రంతో చిన్న వైరుముక్కతో కలిపి పరీక్షించే పద్ధతి మెకానిక్కులందరికీ తెలిసినదే. ప్లగ్గు పీకి ఉండగానే వైరు పెట్టి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాలి. ఫ్యాను తిరిగితే చాలు, ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టే అని చాలామంది అనుకుంటారు. అక్కడ నేను ఒప్పుకోను. లోడు లేనప్పుడు ఫ్యాను తిప్పగలిగిన ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసరు లోడు పడగానే కుప్పకూలవచ్చు. ఫ్యాను తిరగకపోతే అది చెడినట్టు దాదాపు ఖాయం. తిరిగితే మాత్రం, కంప్యూటరుకు తగిలించి నడిపేటప్పుడు పసుపు తీగమీద 11.4 నుంచి 12.6 లోపు, ఎర్ర తీగమీద 4.75 నుంచి 5.25 లోపు ఉన్నాయో లేదో కొలిచాకే మాట ఇవ్వాలి.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఇంట్లో ఎవరూ విప్పవద్దని గట్టిగా చెబుతున్నాను. 230 వోల్టుల ఏసీ లోపల దాదాపు 325 వోల్టుల డీసీగా మారి, ఛార్జిని పట్టి ఉంచే పెద్ద కెపాసిటర్లలో నిలుస్తుంది. కొన్నిటిలో 380 వోల్టులు దాటుతుంది. ప్లగ్గు పీకిన తర్వాత కూడా ఆ ఛార్జి కొంతసేపు ఉండిపోవచ్చు, అది ప్రాణం తీయగలదు.

లేచి పడిపోయే రకం

రెండో జబ్బు, అంటే ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోవడం, చూడటానికి భయపెట్టేలా ఉన్నా నిజానికి మంచి సూచన. స్టాండ్‌బై ఉంది, బటన్ పనిచేస్తోంది, ఎస్‌ఎంపీఎస్ లేవడానికి ప్రయత్నించింది. ఎక్కడో షార్టు చూసి వెనక్కి తగ్గింది. ఇక్కడ చేయవలసిందల్లా ఒక్కొక్కటీ విప్పుకుంటూ రావడమే. డిస్కులు, డీవీడీ డ్రైవు, గ్రాఫిక్స్ కార్డు, యూఎస్‌బీ వస్తువులన్నీ తీసేసి, బోర్డు, ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచి చూడాలి. లేస్తే, తీసినవాటిని ఒక్కొక్కటిగా తిరిగి పెట్టుకుంటూ వెళ్తే దొంగ దొరుకుతాడు.

ఈ రకంలో ఎక్కువగా తప్పించుకునేవి రెండున్నాయి. ఒకటి కేబినెట్ ముందున్న యూఎస్‌బీ రంధ్రం. పెన్‌డ్రైవును బలవంతంగా తిరగేసి దూర్చినప్పుడు లోపలి పిన్నులు వంగి ఒకదానికొకటి తాకుతాయి. టార్చితో లోపలికి చూస్తే కనబడుతుంది. దాని కేబులును బోర్డు నుంచి తీసేస్తే కంప్యూటరు వెంటనే లేస్తుంది. రెండోది బోర్డు వెనుక జారిపడిన స్క్రూ, లేదా బోర్డును కేబినెట్‌కు తగలకుండా ఎత్తి ఉంచడానికి పెట్టే ఇత్తడి దిమ్మను తప్పుచోట బిగించడం. కొత్తగా కేబినెట్ మార్చిన తర్వాత లేవకపోతే మొదట చూడవలసింది ఇదే. ప్రాసెసరు దగ్గరి 4 లేదా 8 పిన్నుల 12 వోల్టుల కనెక్టరు పెట్టడం మరిచిపోయినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి.

ఉదయం లేవదు, పదిసార్లు నొక్కితే లేస్తుంది, ఒకసారి లేచాక రోజంతా బాగానే ఉంటుంది అనేవారు ఉన్నారు. సముద్రానికి దగ్గరలోని ఒక బడిలో ల్యాబు కంప్యూటర్లు కొన్ని అలాగే ఉండేవి; పిల్లలు తరగతి మొదలవడానికి పావుగంట ముందే వచ్చి బటన్లు నొక్కుతూ కూర్చునేవారు. ఇది వయసుమీరిన కెపాసిటర్ల లక్షణం. లోపలి ద్రవం ఎండిపోయిన కెపాసిటరు చల్లగా ఉన్నప్పుడు సరిగా పనిచేయదు, కాస్త వేడెక్కాక కొంత కోలుకుంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ కెపాసిటర్ల ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క ఉంది. ఫ్యాను జాలీ దుమ్ముతో మూసుకుపోయిన ఎస్‌ఎంపీఎస్ మన వేసవిలో ఎంత వేడెక్కుతుందో ఆలోచించండి. బోర్డు మీది కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి. పైన గీసిన గీతల దగ్గర ఉబ్బి ఉన్నా, గోధుమరంగు జిగురు కారి ఉన్నా అవి పోయినట్టే. 2000 తర్వాతి తొలి ఏళ్లలో తయారైన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల వల్ల ఇది ప్రపంచమంతటా పెద్ద సమస్య అయింది. టంకం పని బాగా వచ్చినవారు బోర్డు మీది కెపాసిటర్లను మార్చి బోర్డును బతికించగలరు.

గాలిలో ఉప్పు, లోపల చీమలు

కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఊళ్లలో కంప్యూటరు మూత తీస్తే మొదట కనబడేది స్క్రూల మీద తుప్పు. ఉప్పుగాలి తేమ దుమ్ముతో కలిసి బోర్డు మీద పలుచని పొరలా పేరుకుంటుంది. పొడి దుమ్ము కరెంటును పోనివ్వదు గాని ఈ తడి దుమ్ము కొంత పోనిస్తుంది. ర్యామ్ అంచున ఉండే బంగారురంగు పట్టీలు మసకబారి తాకడం మానేస్తాయి. ప్లగ్గు పీకి, ర్యామ్‌ను బయటకు తీసి, ఆ పట్టీలను పెన్సిలు రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి బట్టతో తుడిచి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేలా తిరిగి పెట్టాలి. ఫ్యాన్లు తిరుగుతూ బొమ్మ రాని మూడో జబ్బులో ఇంతకంటే ఎక్కువ ఫలితం ఇచ్చే పని నాకు తెలియదు.

ఎస్‌ఎంపీఎస్ వెచ్చగా ఉంటుంది కాబట్టి వానాకాలంలో చీమలు అందులో గూడు కడతాయి, బల్లులు దూరుతాయి. బల్లి రెండు తీగల మధ్య పడి షార్టు అయిన ఎస్‌ఎంపీఎస్ దగ్గర కాలిన మాంసం వాసన వస్తుంది. అలాంటి వాసన వస్తే ఇక పరీక్షలు ఆపి దాన్ని మార్చేయడమే మేలు. కేబినెట్ వెనుక ఖాళీగా ఉన్న కార్డు రంధ్రాలకు రేకు మూతలు పెట్టించుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

బోర్డు మీది గుండ్రటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోతే కంప్యూటరు లేవదని ఒక నమ్మకం ఉంది. చాలా బోర్డుల్లో దానివల్ల తేదీ, సమయం మాత్రమే తప్పుతాయి. కొన్ని బోర్డులు మాత్రం మొండికేస్తాయి కాబట్టి, మిగతావన్నీ చూశాక కొత్తది వేసి చూడటంలో నష్టం లేదు.

కేబినెట్ ముట్టుకుంటే వేళ్లకు జిల్లుమంటోందా? అది కంప్యూటరు లోపం కాకపోవచ్చు, ఇంట్లో ఎర్తింగు లేకపోవడం కావచ్చు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టరు కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఇనుప కేబినెట్‌కు వదులుతాయి. ఎర్తు తీగ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే కేబినెట్ మీద సుమారు 115 వోల్టులు తేలుతూ ఉంటాయి. ఆ కరెంటు చాలా స్వల్పమైనదే గాని, పెన్‌డ్రైవులను, ప్రింటరు పోర్టులను తినేయగలదు. లోపల ఇంకేదైనా చెడితే మనిషికి రక్షణ ఉండదు. మూడో పిన్ను విరగ్గొట్టి వాడటం, రెండు పిన్నుల అడాప్టరు పెట్టడం మానేసి, ఎర్తు గొయ్యిలో వేసవిలో నీళ్లు పోయిస్తూ ఉండాలి.

గంటస్తంభం దగ్గరి దుకాణంలో ఆ రోజు మార్చడానికి కొత్త స్విచ్చు నా దగ్గర లేదు, పండగ ముందు ఆ కేబినెట్‌కు సరిపోయేది ఎక్కడా దొరకలేదు. రీసెట్ బటన్ కూడా నొక్కినప్పుడు మాత్రమే తాకే అదే రకం స్విచ్చు కాబట్టి, దాని తీగను తీసి పవర్ స్విచ్చు పిన్నులకు తగిలించాను. దుకాణదారు చిన్న కాగితం ముక్క మీద "ఆన్" అని రాసి రీసెట్ బటన్ పక్కన అంటించుకున్నారు. ఆ తర్వాత రెండు సిరిమానోత్సవాలకు బ్యానర్లు ఆ కంప్యూటరులోనే తయారయ్యాయి. ఇప్పటికీ ఆయన దాన్ని ఆ బటన్‌తోనే లేపుతున్నారు.